వంట శీర్షికల్లో క్యాప్సికాన్ని కాయల లెక్కన కాక తూకంలో చెప్పండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు. మీ పత్రిక ఆదివారం అనుబంధంలో వచ్చే వంటల శీర్షికను నేను చాలా ఏళ్ళుగా శ్రద్ధగా చదువుతున్నాను. అందులో క్యాప్సికంతో చేసే వంటకం వచ్చినప్పుడల్లా కావలసిన పదార్థాల పట్టికలో ‘క్యాప్సికం – 4’ అనో, ‘క్యాప్సికం ముక్కలు – ఒక కప్పు’ అనో మాత్రమే ఉంటున్నది. జీలకర్రను అర చెంచా అనీ ఇంగువను చిటికెడు అనీ జాగ్రత్తగా రాసేవారే, కూరకు ఆధారమైన కాయ దగ్గరకు వచ్చేసరికి అది ఎంత ఉండాలో, ఎలాంటిదై ఉండాలో చెప్పకుండా వదిలివేయడం వల్ల కొత్తగా వంట నేర్చుకుంటున్నవారు ఇబ్బంది పడుతున్నారు. క్యాప్సికాన్ని తూకంలో చెప్పాలనీ, ఆ తూకం తొడిమా గింజలూ తీయకముందుదో తీసిన తరువాతిదో స్పష్టం చేయాలనీ, ఏ వంటకు ఏ రకం కాయ తగినదో ఒక్క మాట జోడించాలనీ కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

గత నెలలో హైదరాబాదులో ఉంటున్న మా కోడలు మీ శీర్షిక చూసి గుత్తి క్యాప్సికం చేసింది. ‘క్యాప్సికం – 6, వేయించిన పల్లీల పొడి – ఒక కప్పు, నువ్వుల పొడి – 2 చెంచాలు, కారం – ఒక చెంచా, ఉప్పు – తగినంత’ అని అందులో ఉన్నది. ఆ అమ్మాయి ఇంటి దగ్గరి దుకాణంలో నిగనిగలాడుతున్న పెద్ద కాయలను ఆరింటిని ఏరి తెచ్చింది. పొడి ఒక కాయ నింపి రెండో కాయ సగంలో ఉండగానే అయిపోయింది. మళ్ళీ పల్లీలు వేయించి, పొడి కొట్టుకుని కూరేసరికి బాణలిలో నాలుగు కాయలకు మించి పట్టలేదు. పట్టిన వాటికి పైతొక్క మాడింది, లోపలి కండ పచ్చిగా మిగిలింది. ‘‘రాసింది రాసినట్టే చేశాను అత్తయ్యా, ఎక్కడ పొరపాటు జరిగిందో తెలియడం లేదు’’ అని ఫోనులో బాధపడితే, మిగిలిపోయిన కాయ ఒకటి తూచి చెప్పమన్నాను. 210 గ్రాములు తూగింది. ఆ వంటకం రాసినవారు వాడినవి 70, 80 గ్రాముల చిన్న కాయలు అయి ఉండాలి, లేకపోతే ఒక కప్పు పొడి ఆరింటికి సరిపోదు. ఇందులో మా కోడలి తప్పు లేదు, రాసినవారికి వంట రాదనీ అనలేము. వారి కాయ వేరు, ఈమె కాయ వేరు, ఆ తేడాను తెలిపే మాట పట్టికలో లేదు.

నేను గృహవిజ్ఞాన శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకురాలిని. వంకాయనో బెండకాయనో సంఖ్యలో చెప్పినా పెద్ద ప్రమాదం లేదు, ఎందుకంటే మన బజారులో దొరికే గుత్తి వంకాయలు ఒకదానికొకటి ఇంచుమించు సమానంగానే ఉంటాయి. క్యాప్సికం అలాంటిది కాదు. బెంగళూరు దగ్గరి హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన రకాలనే తీసుకుంటే, అర్క మోహిని కాయ సుమారు 180 గ్రాములు తూగుతుంది, అర్క బసంత్ కాయ 50 నుంచి 80 గ్రాములే ఉంటుంది. ఒకే సంస్థ ఇచ్చిన రెండు రకాల మధ్యనే రెండు మూడు రెట్ల తేడా ఉన్నప్పుడు, ఆరుబయట పండిన కాయకూ ప్లాస్టిక్ కప్పు వేసి పెంచే పాలీహౌస్‌లో పండిన కాయకూ, శీతకాలపు కాయకూ ఎండకాలపు కాయకూ మధ్య ఎంత తేడా ఉంటుందో ఊహించవచ్చు. ఇది చల్లదనం కోరే పంట. పగటి వేడి బాగా పెరిగితే పూత రాలిపోతుంది, నిలిచిన పిందెలో పరాగ సంపర్కం సరిగా జరగక కాయ గిడసబారి, వంకర తిరిగి, గింజలు తక్కువగా ఉంటుంది. అందువల్లనే మా తెనాలి బజారులో మాఘమాసంలో చేతి నిండా ఉండే కాయ వైశాఖం వచ్చేసరికి నిమ్మకాయంత అవుతుంది. ‘నాలుగు కాయలు’ అన్న మాటకు జనవరిలో ఒక అర్థం, మే నెలలో మరొక అర్థం వస్తున్నదంటే అది కొలత అనిపించుకోదు.

కప్పు లెక్క చెబితే ఈ చిక్కు తీరుతుందని కొందరు అనుకుంటారు. తీరదు. అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం ఒక కప్పు క్యాప్సికం కూరముక్కలుగా తరిగితే 149 గ్రాములు, అదే కప్పులో సన్నని చీలికలుగా కోసి వేస్తే 92 గ్రాములు. కాయ అదే, కప్పు అదే, కత్తి తిరిగిన తీరు మారినందుకే మూడింట ఒక వంతుకు పైగా తగ్గిపోయింది. దీనికి కారణం కంటికి కనిపించేదే. చిన్న చదరపు ముక్కలు ఒకదానిపై ఒకటి సర్దుకుని కూర్చుంటాయి, వంపు తిరిగిన చీలికలు ఒకదాన్నొకటి ఎత్తిపట్టి మధ్యలో గాలికి చోటిస్తాయి. దానికి తోడు కప్పు అంటే ఏది అన్న ప్రశ్న ఉండనే ఉన్నది. కొలత కప్పుల సెట్టు కొంటే అందులో పెద్ద కప్పు 240 మిల్లీలీటర్లదో 250 మిల్లీలీటర్లదో ఉంటుంది, మన ఇళ్ళలో టీ తాగే కప్పు అందులో సగం కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. పాఠకురాలి చేతిలో ఏ కప్పు ఉన్నదో రాసినవారికి తెలియదు, రాసినవారు ఏ కప్పుతో కొలిచారో పాఠకురాలికి తెలియదు.

మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసునని నా నమ్మకం. బియ్యం, పప్పులు, నూనె వంటి వాటిని వారు గిద్ద, సోల, తవ్వ, మానికలతో కొలిచేవారు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని చిన్నతనంలో మా నాయనమ్మ చేత వల్లె వేయించుకున్నాము. గింజగానీ ద్రవంగానీ పాత్రలో సందు లేకుండా కూర్చుంటుంది కాబట్టి వాటికి పాత్ర కొలత సరిపోయింది. కూరగాయల దగ్గరకు వచ్చేసరికి మాత్రం వారు మానికను పక్కన పెట్టి తక్కెడ అందుకున్నారు. కూరగాయలు వీశెల్లోనూ పదలాల్లోనూ తూచి ఇచ్చేవారు. వీశె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో సుమారు 1,400 గ్రాములు. 1956 నాటి చట్టంతో దశాంశ మానం వచ్చి వీశె పోయి కిలో వచ్చింది గానీ కూరగాయను తూచడం అన్న పద్ధతి మారలేదు. బజారులో ఈ రోజుకీ క్యాప్సికాన్ని కాటా మీద తూచే అమ్ముతున్నారు. తూచి కొన్న వస్తువును ఇంటికి తెచ్చిన తరువాత లెక్కపెట్టి వండమనడంలోనే ఇబ్బంది మొదలవుతున్నది.

తూకంలో చెప్పినప్పుడు కూడా ఒక జాగ్రత్త అవసరం, దీన్ని నేను పాఠం చెప్పేటప్పుడు కాక పని చేసేటప్పుడు నేర్చుకున్నాను. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో కొంతకాలం ఒక బాలికల వసతి గృహంలో భోజన ఏర్పాట్లు చూసే బాధ్యత నాపై పడింది. తలకు 100 గ్రాముల కూరగాయ అని పట్టికలో ఉన్నందున వందమంది పిల్లలకు 10 కిలోల క్యాప్సికం తెప్పించేవారు. లెక్క సరిగ్గానే ఉన్నట్టు కనిపించేది. కాని తొడిమ, దాని చుట్టూ ఉండే గట్టి భాగం, లోపలి దూది వంటి తెల్లని నార, గింజలు కలిపి కాయ బరువులో దాదాపు 18 శాతం పోతుంది. అంటే పిల్లల పళ్ళెంలోకి చేరుతున్నది 8 కిలోల 200 గ్రాములే. వందమందికి నిజంగా 100 గ్రాముల చొప్పున అందాలంటే 12 కిలోల 200 గ్రాములు కొనాలి. ఆ రెండు కిలోల తేడా ఏ ఒక్కరూ దాచుకున్నది కాదు, కొన్న తూకాన్నీ తినే తూకాన్నీ ఒకటిగా భావించడం వల్ల ఎవరికీ తెలియకుండా పిల్లల వాటాలోంచి జారిపోయింది. ఆ తరువాత సరుకులు తెప్పించే ఇండెంటు కాగితంలో రెండు గళ్ళు పెట్టించాను, ఒకటి కొనవలసిన తూకానికి, ఒకటి శుభ్రం చేసిన తరువాతి తూకానికి. ఇంట్లో నలుగురికి వండేటప్పుడు ఇంత లెక్క అవసరం లేదని అనవచ్చు, కాని చిన్న కాయల విషయంలో ఈ తరుగు మరింత పెరుగుతుందని నేను పలుమార్లు తూచి చూశాను. పావుకిలో తూగిన ఒకే పెద్ద కాయను శుభ్రం చేస్తే 210 గ్రాములు మిగిలింది, పావుకిలోకు నాలుగు తూగిన చిన్న కాయలను శుభ్రం చేస్తే 195 గ్రాములే మిగిలింది. నాలుగు తొడిమలూ నాలుగు గింజల గుత్తులూ పోయాయి కదా.

కొంచెం ఎక్కువైతే ఏమవుతుంది, కూర ఎక్కువ వస్తుంది అంతే కదా అని ఎవరైనా అడిగితే, క్యాప్సికం విషయంలో అంతటితో ఆగదని చెప్పాలి. పచ్చి క్యాప్సికానికి ఒక ఘాటైన ఆకుపచ్చ వాసన ఉంటుంది. దాన్ని కలిగించేది పైరజీన్ జాతికి చెందిన ఒక పదార్థమని 1969లో శాస్త్రవేత్తలు గుర్తించారు. లక్ష కోట్ల పాళ్ళ నీటిలో రెండు పాళ్ళున్నా మన ముక్కు దాన్ని పసిగట్టగలదు. ఇంత బలమైన వాసన గల కూరగాయ మోతాదు మించితే పల్లీల కమ్మదనం గానీ కొత్తిమీర గానీ దాన్ని కప్పలేవు. అన్నంలో కలిపే వంటకాల్లో ఇది మరీ తెలుస్తుంది. కాయ పండే కొద్దీ ఈ పదార్థం తగ్గిపోతుంది, అందుకే ఎర్ర కాయ తియ్యగా, మెత్తని వాసనతో ఉంటుంది. రెండవ సంగతి నీరు. క్యాప్సికంలో 92 నుంచి 94 శాతం వరకు నీరే. అరకిలో ముక్కలకు సరిపడే బాణలిలో కిలో ముక్కలు పోస్తే ఆ నీరు ఆవిరై పోయే వీలు లేక ముక్కలు వేగవు, ఉడుకుతాయి. శనగపిండి చల్లి చేసే కూర పొడిపొడిగా రావలసింది ముద్దయ్యేది ఇందువల్లనే. చాలామంది పిండిని నిందిస్తారు గానీ తప్పు ముక్కల మోతాదులో ఉంటుంది.

ఇక గుత్తి క్యాప్సికం వంటి వంటకానికి తూకం ఒక్కటే చాలదు, కాయ వెడల్పు కూడా చెప్పాలి. కాయ లోపల గుల్ల. కాయ అన్ని వైపులా రెండింతలైతే లోపలి చోటు రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. నేను ఒక సులువైన పద్ధతిలో దీన్ని కొలిచి చూశాను. కాయ పైభాగాన్ని మూతలా కోసి, గింజలు తీసి, లోపల నీళ్ళు నింపి, ఆ నీటిని కొలత గ్లాసులో పోసుకుంటే ఆ కాయ ఎంత పొడిని పట్టుకుంటుందో తెలిసిపోతుంది. 75 గ్రాముల కాయలో సుమారు 50 మిల్లీలీటర్లు పట్టాయి, 200 గ్రాముల కాయలో సుమారు 200 మిల్లీలీటర్లు పట్టాయి. బరువు మూడింతలైనా కాకముందే లోపలి చోటు నాలుగింతలైంది. మా కోడలికి పొడి ఎందుకు చాలలేదో, లోపలి భాగానికి వేడి ఎందుకు చేరలేదో ఈ రెండు అంకెలు చెబుతాయి. కొత్త బజారులో తెలియని కాయతో గుత్తి కూర చేయబోయేవారు ముందుగా ఒక్క కాయతో ఈ నీళ్ళ కొలత వేసుకుంటే పల్లీలు ఎన్ని వేయించాలో తేలిపోతుంది.

వంటింట్లో చిన్న తూనిక యంత్రం లేనివారి సంగతేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. అటువంటి వారికి మన బెత్తెడు కొలత అక్కరకు వస్తుంది. బొటనవేలు కాక మిగిలిన నాలుగు వేళ్ళూ చేర్చి పెడితే వచ్చే వెడల్పు బెత్తెడు, అంటే దాదాపు మూడు అంగుళాలు. నేను పైన చెప్పిన అమెరికా పట్టికల్లోనే, మూడు అంగుళాల వెడల్పు, మూడుముప్పావు అంగుళాల పొడవు ఉన్న కాయను పెద్దదిగా లెక్కగట్టి 164 గ్రాములుగానూ, రెండున్నర అంగుళాల వెడల్పు, రెండుముప్పావు అంగుళాల పొడవు గల కాయను మధ్యరకంగా లెక్కగట్టి 119 గ్రాములుగానూ, చిన్న కాయను 74 గ్రాములుగానూ ఇచ్చారు. ఇవన్నీ శుభ్రం చేసిన తరువాతి బరువులు. కాబట్టి కాయ భుజాల దగ్గర నాలుగు వేళ్ళు నిండుగా ఆనితే అది పెద్ద కాయ, మూడు వేళ్ళు దాటి నాలుగోది సగం ఆనితే మధ్యరకం అని గుర్తుపెట్టుకోవచ్చు. దేశాల మధ్య జరిగే వ్యాపారంలో కూడా తీపి మిరపకు, అంటే క్యాప్సికానికి, ఐక్యరాజ్య సమితి ఐరోపా ఆర్థిక సంఘం నిర్ణయించిన ప్రమాణం కాయ పరిమాణాన్ని నడుము దగ్గరి గరిష్ఠ వెడల్పుతో గానీ బరువుతో గానీ నిర్ణయించమంటుంది. ఎన్ని కాయలన్న లెక్కతో పరిమాణం చెప్పమనదు.

కాయను ఎంచుకోవడం గురించి కూడా కొన్ని మాటలు చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే ఈ విషయంలో తప్పుడు సమాచారం విరివిగా ప్రచారంలో ఉన్నది. కాయను తిప్పి కింది వైపు చూస్తే మూడు బొడిపెలు ఉన్నది మగ కాయ అనీ, నాలుగు ఉన్నది ఆడ కాయ అనీ, ఆడ కాయలో గింజలు ఎక్కువగా ఉండి తియ్యగా ఉంటుంది కాబట్టి పచ్చిగా తినాలనీ, మగ కాయను వంటకు వాడాలనీ చాలామంది ఒకరికొకరు పంపుకుంటున్నారు. మా చుట్టాల్లో చదువుకున్న వారు కూడా నాకు దీన్ని పంపారు. ఇది పూర్తిగా అసత్యం. మిరప పువ్వులో కేసరాలూ అండాశయమూ రెండూ ఒకే పువ్వులో ఉంటాయి. ఆ పువ్వులోని అండాశయమే పెరిగి కాయ అవుతుంది. కాయలో ఆడా మగా అన్న భేదం లేదు. అండాశయంలో ఎన్ని గదులుంటే కాయకు అన్ని బొడిపెలు వస్తాయి, అది విత్తన రకాన్ని బట్టీ, పువ్వు ఏర్పడిన నాటి వాతావరణాన్ని బట్టీ మారుతుంది. ఒకే మొక్కకు మూడు గదుల కాయా నాలుగు గదుల కాయా కాయడం పొలంలో ఎవరైనా చూడవచ్చు. గింజల సంఖ్య పరాగ సంపర్కం ఎంత బాగా జరిగిందన్న దానిపై, తీపి ఎంత పండిందన్న దానిపై ఆధారపడి ఉంటాయి. బొడిపెలను లెక్కపెట్టడంలో ఒకే ఒక ప్రయోజనం ఉన్నది. నాలుగు బొడిపెల కాయ పీటలా నిలబడుతుంది, అందువల్ల గుత్తి కూరకు అనువుగా ఉంటుంది. మూడు బొడిపెల కాయ పక్కకు ఒరిగి లోపలి పొడి ఒలికిపోతుంది. మీ పత్రిక ఈ మగ, ఆడ కాయల ప్రచారాన్ని ఒక్కసారి స్పష్టంగా ఖండిస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

నిజంగా చూడవలసినది తొడిమను. తొడిమ పచ్చగా, తేమగా, కోసిన చోట ఇంకా లేతగా కనిపిస్తే కాయ కోసి ఎక్కువ రోజులు కాలేదు. తొడిమ ముడుచుకుని గోధుమ రంగుకు తిరిగితే పైకి ఎంత మెరిసినా ఆ కాయలో నీరు తగ్గిపోయింది. తరువాత ఒకే పరిమాణంలో ఉన్న రెండు కాయలను రెండు చేతుల్లోకి తీసుకుని ఏది బరువుగా ఉన్నదో చూడాలి. బయటి కొలత సమానమైనప్పుడు బరువైనదానికి కండ మందంగా ఉంటుంది, అంటే తూకానికి పెట్టిన డబ్బుకు కూర ఎక్కువ వస్తుంది. వేలితో భుజం మీద నొక్కితే గట్టిగా ఎదురు నిలవాలి. తొడిమ చుట్టూ ఉండే గుంటలో నీరు నిలిచి కుళ్ళు అక్కడినుంచే మొదలవుతుంది కాబట్టి ఆ చోటు తప్పక చూడాలి, ఇంటికి తెచ్చిన తరువాత కడిగేటప్పుడు కూడా మట్టీ మందూ ఎక్కువగా పేరుకునేది అక్కడే కనుక తొడిమ తీసేసి మరొకసారి కడగాలి. ఒక పక్క తెల్లగా పలచబడి కాగితంలా ఉంటే అది ఎండదెబ్బ, కింది కొసన నల్లగా అణిగి ఉంటే అది కాల్షియం అందక వచ్చే కుళ్ళు. రెండింటినీ పక్కన పెట్టడమే మంచిది. ఆకారం కొంచెం వంకరగా ఉన్నంత మాత్రాన కాయను తోసివేయవలసిన పని లేదు. గుత్తి కూరకు పనికిరాదేమో గానీ ముక్కలు తరిగే కూరకు అది ఏ విధంగానూ తీసిపోదు, రైతు బజారులో అటువంటి కాయలు చవకగా కూడా దొరుకుతాయి.

ఏ వంటకు ఏ కాయ అన్నదానిపై నా అనుభవం ఇది. గుత్తి కూరకు 70 నుంచి 90 గ్రాముల లోపు, నాలుగు బొడిపెలున్న, కండ మరీ మందం కాని ఆకుపచ్చ కాయలు కావాలి. శనగపిండి కూరకూ, బంగాళాదుంపతో కలిపి చేసే వేపుడుకూ మధ్యరకం ఆకుపచ్చ కాయ సరిపోతుంది. పచ్చడికి మాత్రం బాగా పండిన, మందపాటి కండ గల ఎర్ర కాయ మేలు. దాన్ని మంట మీద కాల్చి, మాడిన పొర తీసి, చింతపండు, ఎండుమిర్చి, మినప్పప్పు పోపుతో రోట్లో నూరితే వచ్చే రుచి ఆకుపచ్చ కాయతో రాదు. ఆకుపచ్చ కాయతో పులుపు కూరలు చేసేటప్పుడు చింతపండు రసాన్ని చివరలో పోయాలి. పులుపూ వేడీ కలిసి ఎక్కువసేపు తగిలితే ఆకుపచ్చ రంగు బూడిద కలిసిన పసుపుగా మారిపోతుంది, మూత పెట్టి ఉడికించినా అంతే. బజ్జీలకు క్యాప్సికాన్ని చక్రాల్లా కోసి వేసేవారు ఉన్నారు గానీ, బజ్జీ మిరప ఉండగా దానికి ఇది ఎందుకో నాకు తెలియలేదు.

రంగు కాయల ధర గురించి నన్ను చాలామంది అడుగుతుంటారు. ఎర్రనివి, పసుపు పచ్చనివి వేరే కూరగాయలు కావు, ఆకుపచ్చగా ఉన్న కాయనే మొక్క మీద మరికొన్ని వారాలు ఉంచితే రకాన్ని బట్టి ఎర్రగానో పసుపుగానో మారుతుంది. ఆ వారాలన్నీ మొక్కకు నీరు, ఎరువు, పురుగుల నుంచి రక్షణ ఇవ్వాలి, కుళ్ళిపోయే ప్రమాదం భరించాలి, మన ప్రాంతంలో అయితే పాలీహౌస్ ఖర్చు కూడా తోడవుతుంది. రైతు అడిగే ధర న్యాయమైనదే. కోసిన తరువాత ఆకుపచ్చ కాయ ఇంట్లో టమాటాలా పండదు, అప్పటికే రంగు తిరగడం మొదలైన కాయ మాత్రమే మరికొంత తిరుగుతుంది. పోషకాల లెక్కలో పండిన కాయదే పైచేయి. 100 గ్రాముల ఆకుపచ్చ కాయలో సుమారు 80 మిల్లీగ్రాముల సి విటమిను ఉంటే ఎర్ర కాయలో 128 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్-జార్జి సి విటమినును పెద్ద మొత్తంలో వేరు చేయగలిగినది తన దేశపు తీపి మిరప నుంచే. ఆయనకు 1937లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆకుపచ్చ కాయలో ఉన్నది తక్కువేమీ కాదు. ధర చూసి ఆకుపచ్చదే కొనుక్కునేవారు తమ పిల్లలకు ఏదో లోటు చేస్తున్నామని బాధపడనవసరం లేదు.

ఈ సందర్భంలో ఒక విన్నపం. ఒక పెద్ద దుకాణంలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కాయలను మూడింటిని పలచని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ఒకే ధరకు అమ్మడం చూశాను. అక్కడి అబ్బాయిని అడిగి రెండు పొట్లాలను కాటా మీద పెట్టించాను. ఒకటి 410 గ్రాములు, మరొకటి 530 గ్రాములు తూగింది. ధర మాత్రం ఒకటే. పొట్లం కొనేవారు రెండు మూడింటిని చేతితో తూచి చూసి బరువైనదాన్ని తీసుకోవాలి, పొట్లం మీద ఉన్న నికర బరువు చదవాలి. విడిగా కొనేటప్పుడు కాటా అంకె సున్నా దగ్గర మొదలైందో లేదో, గిన్నె బరువు తీసేశారో లేదో చూడడం మన హక్కు, దానికి మొహమాట పడకూడదు.

నిల్వ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈ కాయకు 7 నుంచి 10 డిగ్రీల చల్లదనం సరిపోతుంది. ఇంటి ఫ్రిజ్ లోపలి అరలు అంతకన్నా చల్లగా ఉంటాయి కాబట్టి అడుగున ఉండే కూరగాయల అరలో, తడి లేకుండా తుడిచి, సంచీ మూతి కొంచెం తెరిచి ఉంచితే వారం రోజులు బాగానే ఉంటాయి. మరీ చల్లని చోట చాలా రోజులు ఉంచితే తొక్క మీద గుంటలు పడతాయి. కోసిన ముక్కలు మాత్రం మరునాటికి వాడేయాలి.

ఇక మీ శీర్షికలో పదార్థాల పట్టిక ఎలా ఉండవచ్చునో ఒక నమూనా ఇస్తాను. ‘క్యాప్సికం – ఆకుపచ్చవి, చిన్నవి, అడుగున నాలుగు బొడిపెలు ఉన్నవి – అరకిలో (ఆరు లేక ఏడు కాయలు, శుభ్రం చేశాక సుమారు 400 గ్రాములు)’. ఒకటిన్నర వాక్యం కూడా కాదు, అచ్చులో రెండు వరుసలకు మించదు. ఇది చదివిన అమ్మాయి దగ్గర పెద్ద కాయలే ఉంటే, మూడు కాయలు చాలునని ఆమెకే తెలుస్తుంది, ఉప్పూ కారమూ మార్చవలసిన పని ఉండదు. ‘ఉప్పు – తగినంత’ అన్న మాటకు కూడా అప్పుడు ఒక ఆధారం దొరుకుతుంది. 400 గ్రాముల ముక్కలకూ, 150 గ్రాముల పొడికీ కలిపి ఒక చెంచా, అంటే సుమారు 6 గ్రాముల ఉప్పుతో మొదలుపెట్టి రుచి చూసి కలుపుకోవచ్చునని నిశ్చయంగా చెప్పవచ్చు. కాయలే ఎంతో తెలియనప్పుడు తగినంత అన్నది దేనికి తగినంత అవుతుంది?

వంటకాలు పంపే పాఠకుల చేత కూడా ఇలా తూచి రాయించాలని నా ప్రార్థన. వారిలో చాలామంది ఏళ్ళ తరబడి కంటి అంచనాతో వండుతున్నవారు, వారి చేతికి ఆ అంచనా తెలుసు. దాన్ని అక్షరంలోకి తెచ్చేటప్పుడు ఒక్కసారి కాటా మీద పెట్టి చూడమని శీర్షిక చివర ఒక గమనిక వేస్తే వారు తప్పక పాటిస్తారు. గుత్తి క్యాప్సికం, శనగపిండి కూర, ఎర్ర క్యాప్సికం పచ్చడి – ఈ మూడింటికీ చిన్న, మధ్యరకం, పెద్ద కాయలతో విడివిడిగా వండి, ప్రతి పదార్థాన్నీ తూచి రాసిపెట్టుకున్న కాగితాలు నా దగ్గర ఉన్నాయి. మీరు కోరితే శుభ్రంగా తిరగరాసి పంపగలను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
తెనాలి.